తాబేళ్ల బోర్డుకి స్పాన్సర్ దొరికాక ఏం జరిగిందంటే

విశాఖ తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్ల మీద అవగాహన బోర్డులు పెట్టించడానికి మా సంఘం ఒక కంపెనీ దగ్గర డబ్బు తెచ్చుకుంది. అదెలా జరిగిందని అడుగుతున్నవాళ్ల కోసం రాస్తున్నా.

ముందు తేల్చుకోవాల్సింది ఆ డబ్బు సీఎస్సార్ (కంపెనీలు సమాజం కోసం పెట్టే ఖర్చు) కిందదా, మార్కెటింగ్ వాళ్లదా అని. కంపెనీల చట్టం 2013, సెక్షన్ 135 కింద పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఇలాంటి పనులకి పెట్టాలి. అదే చట్టం షెడ్యూల్ 7లో, అంటే ఆ డబ్బు పెట్టదగ్గ పనుల జాబితాలో, జంతుజాలం రక్షణ కూడా ఉంది కాబట్టి తాబేళ్ల కోసం ధైర్యంగా అడగొచ్చు. మాకు ఆదాయపు పన్ను మినహాయింపులకి సంబంధించిన 12ఏ, 80జీ ఉన్నాయి, సీఎస్సార్ పనులకి నమోదు చేసుకుంటే వచ్చే సీఎస్సార్-1 నంబరు మాత్రం లేదు. 2021 ఏప్రిల్ నుంచి సీఎస్సార్ డబ్బు తీసుకునే సంఘాలకి అది తప్పనిసరి. సీఏ గారి చుట్టూ తిరిగి తెచ్చుకున్నాం.

డిజైన్ దగ్గర అసలు గొడవ మొదలైంది. సీఎస్సార్ డబ్బే అయినా బొమ్మ గీయించింది మార్కెటింగ్ వాళ్లు. బోర్డులో సగం లోగో, పక్కన వాళ్ల సరుకు డబ్బా, తాబేలేమో ఓ మూల. "సార్, తాబేలు కంటే మీ డబ్బానే పెద్దగా ఉందండీ" అంటే నవ్వేసి ఊరుకున్నారు. చివరికి వాళ్ల ఆడిటరే అడ్డుపడ్డాడు. సరుకుకి ప్రచారం కోసం చేసిన స్పాన్సర్‌షిప్ సీఎస్సార్ లెక్కలోకి రాదని నిబంధనల్లోనే ఉంది మరి. డబ్బా పోయింది, లోగో అడుగున పట్టీలోకి దిగింది.

తర్వాత గ్లో సైన్ బోర్డన్నారు. గుడ్డులోంచి వచ్చిన పిల్లలు ఎక్కువగా రాత్రిపూట ఇసుక పైకొచ్చి, ఎటు వెలుతురుగా ఉంటే అటు, అంటే మామూలుగా సముద్రం వైపు పాకుతాయి, గట్టు మీద లైటు ఉంటే ఇటు తిరిగి కుక్కల నోట్లోనో టైర్ల కిందో పడతాయి. అంటే తాబేళ్లని కాపాడండి అని వెలిగే బోర్డే వాటిని రోడ్డెక్కిస్తుంది! మేమెంత చెప్పినా బుర్రకెక్కలేదు గానీ, అటవీ శాఖాయన "లైటుంటే పర్మిషన్ లేదు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు.

మేటర్ కూడా హెడ్డాఫీసు నుంచే వచ్చింది, సముద్ర కూర్మాల పరిరక్షణ మనందరి సామాజిక బాధ్యత అని. రేవులో ఒక పెద్దాయనకి చదివి వినిపిస్తే, "మమ్మల్నేటి చెయ్యమంటారో రాయనేదు కదా బాబూ" అన్నాడు. నిజమే. తాబేలు గాలి కోసం పైకి రావాలి, ట్రాల్ వలలో (మరపడవ నీళ్లలో ఈడ్చుకెళ్లే వల) ఇరుక్కుంటే ఊపిరాడక చచ్చిపోతుంది. అందుకే రేవు దగ్గర బోర్డులో "వలలో తాబేలు పడితే వల కోసైనా వదిలెయ్యండి" అని రాయించాం. బీచ్‌లో బోర్డుకి ఫ్లాష్, టార్చి వద్దు, గుడ్లు ముట్టుకోవద్దు, అంతే.

డబ్బు మార్చి ఆఖర్లో పడింది. ఆర్థిక సంవత్సరం ముగిసేలోపు ఖర్చు చూపించాలని కంపెనీ తొందర, అప్పటికి తల్లి తాబేళ్లు చాలావరకు గుడ్లు పెట్టి వెళ్లిపోయాయి. గుడ్లు పొదగడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది కాబట్టి పిల్లలు బయటికొచ్చే వేళకైనా బోర్డులు లేచాయి. మీరైతే జూన్, జూలైలోనే లెటర్ ఇవ్వండి, జనవరికి బోర్డు నిలబడాలి. ఫ్లెక్స్ వద్దు, ఉప్పుగాలికి ఆగదు.

రేకు బోర్డులకీ అప్పుడే అంచుల్లో తుప్పు మొదలైంది. మరమ్మతు ఖర్చు ఒప్పందంలో పెట్టడానికి కంపెనీ ఒప్పుకోలేదు, దానికోసం మళ్లీ అదే ఆఫీసుకి వెళ్తున్నాం. ఈసారి మేనేజరు కొత్తాయన, మొత్తం మొదటినుంచీ చెప్పాలి.