వాన వెలిశాక ఎర్రమట్టి దిబ్బల్లో

ఎర్రమట్టి దిబ్బలు చూడాలంటే వాన వెలిసిన మర్నాడే వెళ్లాలన్నది బావగారి మాట. ఆయన హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. నేను విజయవాడ నుంచి దిగిన రాత్రి విశాఖలో జోరున వాన. తెల్లారేసరికి ఆకాశం తేటపడింది. "ఇంతకన్నా మంచి రోజు దొరకదు, పద" అంటూ అక్క కట్టిచ్చిన పులిహోర, నీళ్ల సీసాలు సంచీలో పెట్టుకుని ఆయన అప్పటికే గుమ్మంలో ఉన్నారు.

భీమిలి బస్సెక్కి కుడివైపు కిటికీ దగ్గర కూర్చుంటే దారి పొడవునా సముద్రమే. జోడుగుళ్లపాలెం దగ్గర బావగారు ఇసుక వైపు చెయ్యి చూపించారు. సంక్రాంతి రోజుల నుంచి ఎండలు ముదిరేదాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట ఈ ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి. అటవీశాఖ వాళ్లు వాటిని జాగ్రత్తగా తీసి, కుక్కలు తవ్వకుండా కంచె వేసిన హేచరీలో పాతి, పిల్లలు బయటికొచ్చాక సముద్రంలో వదులుతారు. తాబేలు గుడ్లను తల్లి పొదగదు, ఇసుక వేడే పొదుగుతుంది. ఆ వేడిని బట్టే లోపలిది ఆడదో మగదో తేలుతుంది. ఒడ్డున ఇసుకే కదా అని మనం తేలిగ్గా తీసుకునేది ఒక జీవికి అక్షరాలా పురిటిగది.

రుషికొండ దగ్గర దిగలేదు. శుభ్రంగా, భద్రంగా ఉండే బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు 2020లో వచ్చిన బీచ్ అది, చూసేవాళ్లు ఎటూ చూస్తూనే ఉంటారు. మేం మంగమారిపేటలో దిగాం. అక్కడ ఒడ్డున సహజ శిలాతోరణం ఉంది. అలలు కొట్టీ కొట్టీ రాయి మధ్యలో ద్వారంలా తెరుచుకుంది. ఆటు సమయంలోనే దాని దగ్గరికి వెళ్లగలం. పడవ నీడలో వల బాగుచేసుకుంటున్న పెద్దాయన మమ్మల్ని చూసి, "పోటు మొదలైపోద్ది బాబూ, తొరగా సూసి వచ్చీండి" అన్నాడు. తోరణం కింద నిలబడితే తడిరాతిని పట్టుకున్న చిన్న చిన్న నత్తలు, గుంటల్లో ఆటు వదిలేసిన నీళ్లు, ఆ నీళ్లలో చిటికెన వేలంత చేపలు. పైన మాత్రం ఇద్దరు కుర్రాళ్లు తోరణం మీదకెక్కి ఫోటోలు దిగుతున్నారు. బావగారు కోప్పడలేదు. "దిగండి నాన్నా, అది పలచబడిపోయింది" అని మాత్రం అన్నారు. వాళ్లు దిగారు.

అక్కడి నుంచి ఆటోలో ఐఎన్ఎస్ కళింగ అనే నౌకాదళ స్థావరం దాటాక, రోడ్డు పక్కనే జీడిమామిడి, సరుగుడు చెట్ల మధ్య నేల ఒక్కసారిగా ఎర్రబడుతుంది. పైనుంచి చూస్తే మామూలు తోటలానే ఉంటుంది. నాలుగడుగులు లోపలికి దిగాక గానీ రెండు పక్కలా గోడలు లేచి, మనం గెడ్డ అడుగున, అంటే వాన నీళ్లు కోసిన వాగు అడుగున, ఉన్నామని తెలియదు. కొన్నిచోట్ల ఆ గోడలు ముప్పై మీటర్ల దాకా ఉంటాయి. బావగారు వాన మర్నాడే ఎందుకన్నారో అప్పుడర్థమైంది. తడిసిన మట్టి రంగు నేను ఫోటోల్లో చూసిన రంగు కాదు, పండిన మిరపకాయ రంగు. మలుపు తిరిగిన చోటల్లా ఇంకో శాఖ, దానికి ఇంకో పాయ. కాసేపటికి సముద్రం చప్పుడు కూడా వినపడడం మానేసింది.

ఇది కొండ కాదు, రాయీ కాదు. ఇసుక. ఒకప్పుడు మంచుయుగంలో భూమ్మీది నీళ్లు మంచుగా గడ్డకట్టి, సముద్రమట్టం వంద మీటర్లకు పైగా దిగిపోయింది. అప్పుడు బయటపడ్డ సముద్రగర్భపు ఇసుకను గాలి లోపలికి ఎగరేసుకొచ్చి కుప్పపోసింది. తూర్పు కనుమల రాళ్ల నుంచి కొట్టుకొచ్చిన ఆ ఇసుకలో ఇనుము ఉంది. వేల ఏళ్లు వానకీ ఎండకీ నాని, ఆరి, ఆ ఇనుము తుప్పై రేణువు రేణువుకీ ఎర్రటి పూత పట్టింది. అన్నిటికన్నా పైనున్న పొర లేత పసుపు రంగులో ఉంటుంది. అది కొత్తది, ఇంకా ఎర్రబడేంత వయసు రాలేదు. ఆ "కొత్త" అన్నది కూడా సుమారు మూడు వేల ఏళ్లు! దక్షిణాసియాలో ఇలాంటి ఎర్ర ఇసుక మేటలు ఇక్కడ కాక తమిళనాడులోనూ, శ్రీలంకలోనూ మాత్రమే ఉన్నాయి. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా మనిషి విలియం కింగ్ 1886లోనే వీటి గురించి రాశాడు. ఈ దిబ్బల్లో ఆదిమానవుల రాతి పనిముట్లు కూడా దొరికాయి.

ఒకచోట బావగారు గోడ పక్కన గొంతుక్కూర్చుని నన్నూ కూర్చోమన్నారు. ముక్కు ఆనేంత దగ్గరగా చూస్తే అక్కడ వేలెడెత్తు మట్టి స్తంభాలు వరుసగా నిలబడి ఉన్నాయి. ప్రతి స్తంభం నెత్తిన ఒక చిన్న సున్నపుగడ్డ. రాత్రి వాన చుట్టూ ఉన్న ఇసుకనంతా కడిగేసింది, గడ్డ కప్పిన మేర మాత్రం మిగిలింది. ఈ దిబ్బలన్నీ ఇలా వాన చెక్కినవే. కింద గెడ్డలో నీటి జాలు ఆరిన చోట నల్లటి చారలు మెరుస్తున్నాయి. ఇసుకలో బరువైన ఖనిజాలు వెనకబడి అలా పేరుకుంటాయట. వేలితో కాస్త కదిపితే నలుపు మధ్యలో గోమేధికం రంగు రేణువులు కూడా కనిపించాయి. గార్నెట్ అన్నారు బావగారు.

ఆయన ఇంకోటి కూడా చూపించారు. వాన తరవాత ఎండ తగిలిన చోట నేల మీద అప్పడమంత పలచని పెచ్చు కడుతుంది. దాన్ని తాకితే గట్టిగానే ఉంటుంది. కానీ ఎవరో ఎక్కిన గోడ మీద ఆ పెచ్చు విరిగిన చోటల్లా లోపలి ఇసుక ధారగా జారుతూ ఉంది. మేం చూస్తుండగానే జారింది. ఒక మనిషి సరదాగా గోడెక్కి దిగితే చాలు, తరవాతి వానకు అక్కడే కొత్త కోత పడుతుంది. పక్కనే ప్లాస్టిక్ గ్లాసులు, బిర్యానీ డబ్బాలు, ఏదో షూటింగ్ వాళ్లు వదిలేసిన థర్మాకోల్ ముక్కలు. నాకు నిజంగా బాధేసింది. ఏరగలిగినంత ఏరి సంచీలో వేసుకున్నాం.

2014లో దీన్ని జాతీయ భూవారసత్వ ప్రదేశంగా గుర్తించారు. 2025 సెప్టెంబరులో తిరుమల కొండలతో పాటు యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోనూ చేరింది. సంతోషమే. అయితే రక్షణ కింద ఉన్నది సుమారు 263 ఎకరాలే. ఒకప్పుడు ఎర్రమట్టి అంతకు ఎన్నో రెట్లు పరుచుకుని ఉండేది. 2024లో దిబ్బల దగ్గర యంత్రాలు దిగి నేల చదును చేస్తున్న దృశ్యాలు పేపర్లలో వచ్చాకే పని ఆగింది. ఇళ్ల స్థలాల కోసమట.

హద్దు బయటే కదా, నష్టమేముంది అని అప్పట్లో ఎవరైనా అంటే నేనూ తలూపేదాన్నేమో. గెడ్డ అడుగున నడిచాక అలా అనలేను. మేం నడిచిన ప్రతి పాయా ఎక్కడో పైన, చెట్ల మధ్య, కంచెకు అవతల మొదలైంది. అక్కడ జీడిమామిడి వేళ్లు ఇసుకను పట్టుకుని ఉన్నంతకాలం వాన నెమ్మదిగా ఇంకుతుంది, మిగిలింది సన్నగా దిగుతుంది. అదే నేలను చదునుచేసి సిమెంటు రోడ్డు వేస్తే, ఆ నీళ్లన్నీ ఒకే వరదై వచ్చి కింది గోడల్ని కోసేస్తాయి. లేదా నీళ్లదారి పక్కకు మళ్లి గెడ్డ పూడిపోతుంది. కంచె లోపలి మట్టిని ఎవరూ ముట్టుకోకుండానే దిబ్బలు పోతాయి. కాబట్టి హద్దురాళ్లు వెయ్యాల్సింది సర్వే నంబర్లను బట్టి కాదు, నీళ్లు ఎక్కడ పుట్టి ఎక్కడ సముద్రంలో కలుస్తున్నాయో దాన్ని బట్టి.

తిరుగుదారిలో తొట్లకొండ ఎక్కాం. ఆ బౌద్ధారామం సుమారు రెండు వేల ఏళ్లనాటిది, సముద్రానికి 128 మీటర్ల ఎత్తున ఉంది. స్తూపం, విహారం గదుల పునాదుల కన్నా అక్కడ నన్ను ఎక్కువసేపు నిలబెట్టినవి బండలో తొలిచిన తొట్లు. కొండ మీద ఏరూ లేదు, బావీ లేదు. పడ్డ వానను పడ్డచోటే పట్టుకుని భిక్షువులు ఏడాది పొడవునా బతికారు. కొండ ఏ వాలుకు నీళ్లు జారుతాయో చూసుకున్నాకే వాళ్లు ఉలి పెట్టి ఉంటారు. రాత్రి వానకు నిండిన నీళ్లు ఆ తొట్టిలో ఇంకా ఉన్నాయి. "ముందు నీళ్లెటు పోతాయో చూసి తరవాత కట్టారు. మనం ముందు కట్టేసి తరవాత చూస్తున్నాం" అన్నారు బావగారు, పులిహోర డబ్బా తెరుస్తూ.

సాయంత్రం ఇంటికొచ్చాక ఆయన అర్జీ రాయడం మొదలుపెట్టారు. దిబ్బల చుట్టూ నీళ్లు దిగే ప్రాంతమంతా గుర్తించి, అక్కడ తవ్వకాలూ లేఅవుట్లూ ఆపాలని. మేం నడిచిన పాయలు ఏ తోటలో మొదలయ్యాయో, ఎక్కడ నేల చదును చేసిన గుర్తులు కనిపించాయో నేను ఫోన్లో ఫోటోలు చూస్తూ చెప్పాను, ఆయన రాశారు. మీలో ఎవరైనా అటు వెళ్తే గెడ్డ అడుగునే నడవండి, గోడలు ఎక్కకండి, సీసాలో మట్టి నింపుకోకండి. నీళ్లు వెంట తీసుకెళ్లండి, లోపల దొరకవు. పాయ మొదట్లో తవ్వినట్టు కనిపిస్తే తేదీతో ఫోటో తీసి కలెక్టరేట్‌కు అర్జీ పెట్టండి. కిందటిసారి పని ఆగింది ఫోటోలు బయటికొచ్చాకే.