రాణిని వదలాలా, చంపాలా?

2007లో వచ్చిన మాస్ ఎఫెక్ట్ గేమ్‌లో ఒక చిక్కు ఉంది. నొవేరియా అనే మంచు గ్రహం మీద, ఒక ప్రయోగశాలలో, రాక్నై జాతి రాణి తొట్టిలో బందీగా ఉంటుంది. చూడ్డానికి పెద్ద పురుగు. వేల ఏళ్ళ కిందట ఆ జాతి అందరి మీదా పడి యుద్ధం చేసింది, ఆ తర్వాత పూర్తిగా అంతరించిందనే అనుకున్నారు. ఎక్కడో దొరికిన గుడ్డును ఒక కంపెనీ పొదిగించి, పుట్టిన రాణి పిల్లల్ని సైనికులుగా పెంచాలని తల్లి నుంచి లాక్కుంది. తల్లి పాట వినకుండా పెరిగిన ఆ పిల్లలకు పిచ్చెక్కి, కనబడ్డవాళ్ళనల్లా చంపుతున్నాయి. (ఆ పాట సంగతి దగ్గర అమెరికాలో పిల్లల్ని పెంచుతున్న నాలాంటివాళ్ళకు కొంచెం గుచ్చుకుంటుంది. అది వేరే కథ.) రాణి తనను వదిలెయ్యమని అడుగుతుంది. ఆడేవాళ్ళు వదలాలి, లేదా తొట్టిలోకి యాసిడ్ పంపాలి.

డాలస్‌లో పెరిగిన మా పదిహేడేళ్ళ అమ్మాయి ఈ ఘట్టానికి వచ్చింది మాత్రం నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట దగ్గర, మా నాయన ఇంట్లో. నాయన రొయ్యల గుంటల మీద బతికిన మనిషి. మనవరాలు తనకొచ్చిన తెలుగులో కథంతా చెప్పింది. ఆయన శ్రద్ధగా విని, "అంటే తల్లి రొయ్య. టెస్టు చేసినారా దానికి?" అన్నాడు.

ఆయన అడిగింది తమాషాకి కాదు. ఇప్పుడు విదేశాల నుంచి వచ్చే వనామీ రకం తల్లి రొయ్యల్ని ముందు చెన్నైలోని క్వారంటైన్ కేంద్రంలో ఉంచుతారు. రోగం లేదని తేలాకే హేచరీకి, అంటే సీడు (రొయ్యపిల్లలు) పుట్టించి అమ్మేచోటికి, ఇస్తారు. మన దేశంలో వనామీకి అనుమతి వచ్చింది 2009లో. అంతకు ముందు టైగర్ రకం రొయ్యల కాలంలో, 1994, 95 ప్రాంతాల్లో, తెల్లమచ్చ వైరస్ కొట్టి కోస్తాలో గుంటలు వరసగా పోయాయి. గుంటలవాళ్ళందరూ నీళ్ళు తోడుకునేది ఒకే క్రీకులోంచి (సముద్రపు పాయ), వదిలేదీ అందులోకే. ఒకడు రోగం నీళ్ళు వదిలితే, పోటు మీద పక్కవాడి మోటారు వాటినే తోడుకుంటుంది.

"వదిలితే ఏ కాలవలోకి పోతాది పాపా? కింద ఎవరి గుంటలుండాయి?"

మా అమ్మాయి ఒప్పుకోలేదు. "అది మాట్లాడింది తాతయ్యా. రొయ్యలు మాట్లాడవు కదా."

"మాట్లాడితే రోగం పోతాదా?"

"పోదు. కానీ ఏ తప్పూ చెయ్యకముందే చంపేస్తే ఎలా? వాళ్ళ పూర్వీకులు చేసినదానికి దీన్నెందుకు చంపాలి?"

నాయన కాసేపు మాట్లాడలేదు. నాకు మాత్రం తన మాట నచ్చింది. ముత్తాతల నాటి పగల్ని మోసే ఇళ్ళు మా చుట్టాల్లోనే ఉన్నాయి.

ఆ గేమ్‌లో నాకు నచ్చనిది ఒకటుంది. రాణిని వదిలితే మంచితనం ఖాతాలో పాయింట్లు పడతాయి, చంపితే కాఠిన్యం ఖాతాలో పడతాయి. మంచితనానికి అప్పటికప్పుడే మార్కులు! మార్కులంటే చెవి కోసుకునే మా ప్రవాస తల్లిదండ్రులకి ఇది బాగానే ఉంటుంది గానీ, ఆ మార్కులు వేసేది 'నేనెలాంటి మనిషిని' అనేదానికి. నాయన అడిగింది కింది గుంటవాడి గురించి. అమెరికాలో పెరిగే మా పిల్లలు మొదటి ప్రశ్నకు బాగా జవాబు చెబుతారు. రెండోది వాళ్ళకి తట్టడం తక్కువ, ఎందుకంటే వాళ్ళ వీధిలో ఒకరి నీళ్ళు ఇంకొకరి ఇంట్లోకి రావు.

"మరి మీ గుంటకి వైరస్ వచ్చినప్పుడు మీరేం చేశారు?" అని అడిగింది పిల్ల.

"వదిలేసినాం. బ్లీచింగ్ చల్లి, ఆపి, తర్వాత వదలాలని అప్పుడు మాకు ఎవురు చెప్పినారు? అందరం వదిలేసినాం."

తను రాణిని వదిలేసింది. నాయన అడ్డు చెప్పలేదు.

డాలస్ వెళ్ళాక నేను మూడో భాగం కథ చదివి ఫోన్‌లో నాయనకి చెప్పాను. వదిలిన రాణిని రీపర్లనే యంత్రాలు పట్టుకుని, దాని పిల్లల్ని తమ సైన్యంగా మార్చుకుంటాయి.

"నేను చెప్పలా?" అన్నాడు.

చంపినా లాభం లేదు నాయనా, అప్పుడు ఆ యంత్రాలే ఒక దొంగ రాణిని తయారుచేసుకుంటాయి అన్నాను.

"అంతేలే. హేచరీవోడు ఎట్టైనా సీడు అమ్ముతాడు."