పెరిగే అర్రేకు మెమరీ దొరకనప్పుడు: నా అనుభవం

ఆదోని పత్తి మార్కెట్‌కు ఏ రోజు ఎన్ని లాట్లు వస్తాయో ముందుగా చెప్పడం సాధ్యం కాదు. ఆ లాట్ల బరువులు, ధరలు నమోదు చేసే చిన్న ప్రోగ్రామును కర్నూలులో సీ భాషలో రాయడానికి పూనుకున్నప్పుడు, అవసరాన్ని బట్టి పెరిగే అర్రేనే (ఒకే రకం అంశాలను వరుసగా దాచే పట్టికే) కావాలని మొదటే తేల్చుకున్నాను. డేటా ఉన్న చోటును చూపే పాయింటర్, ప్రస్తుతం ఉన్న అంశాల సంఖ్య, పట్టగల అంశాల సంఖ్య అనే మూడింటితో అర్రే సులువుగానే సిద్ధమైంది. శ్రమంతా పరీక్షల్లోనే పట్టింది.

సామర్థ్యం 4తో మొదలై, నిండిన ప్రతిసారీ రెట్టింపవుతూ పోతే, 1000 అంశాలు చేర్చేసరికి మెమరీని 9 సార్లు మాత్రమే అడగాలి. ఒక్కొక్క చోటు చొప్పున పెంచితే 1000 సార్లు అడగవలసి వస్తుంది. ఈ లెక్కను సరిచూడడానికి, మెమరీ చోటును పెంచి ఇచ్చే సీ ఫంక్షన్ అయిన రీఅల్లాక్‌ను నేరుగా పిలవకుండా, పిలుపులను లెక్కపెట్టే ఫంక్షన్ ఒకటి మధ్యలో పెట్టాను.

తర్వాతి పరీక్షలన్నిటికీ ఆ ఫంక్షనే ఆధారమైంది. లినక్స్ సాధారణంగా తన దగ్గర ఉన్నదానికంటే ఎక్కువ మెమరీ ఇవ్వడానికి కూడా ఒప్పుకుంటుంది కాబట్టి, మామూలు వాడకంలో కేటాయింపు విఫలం కావడం అరుదు. ఆ వైఫల్యాన్ని మనమే పుట్టించాలి. అందుకని 1 నుంచి 9 వరకు ఒక్కో పిలుపుకూ వంతులవారీగా నల్ (చోటు దొరకలేదని తెలిపే ఖాళీ విలువ) తిరిగి వచ్చేలా చేసి, పాత అంశాలు చెక్కుచెదరకుండా ఉన్నాయా, సంఖ్య, సామర్థ్యం మారకుండా నిలిచాయా, చివరికి మెమరీ అంతా విడుదలైందా అని ప్రతి సందర్భంలోనూ పరిశీలించాను. రీఅల్లాక్ విఫలమైనప్పుడు పాత చోటు అలాగే ఉంటుంది. కానీ ఫలితాన్ని అదే పాయింటర్‌లో వేసుకుంటే దాన్ని చేరే దారి మూసుకుపోయి, అప్పటిదాకా నమోదైన లాట్లన్నీ చేజారిపోతాయి. ఆ ఒక్క పంక్తిని పట్టుకోవడానికైనా వైఫల్య పరీక్ష తప్పనిసరి అని నా దృఢమైన అభిప్రాయం.

ఇంకొక సూక్ష్మం ఉంది. రీఅల్లాక్ చాలాసార్లు ఉన్నచోటనే పెంచి ఇస్తుంది కనుక, పాత చిరునామాను దాచుకున్న కోడు కూడా పైకి సరిగానే పనిచేస్తున్నట్టు కనిపిస్తుంది. అందువల్ల పరీక్షలో నా ఫంక్షన్ ప్రతిసారీ కొత్త చోటు తీసుకుని, అంశాలను అక్కడికి నకలు చేసి, పాత చోటులోని ప్రతి బైటునూ 221తో నింపి విడుదల చేసేలా మార్చాను. ఇలా చేస్తే చెల్లని చిరునామా దాచుకున్న కోడు ఎక్కువ కాలం దాగలేదు. మెమరీ తప్పులను పట్టే వాల్‌గ్రైండ్ అనే సాధనం కింద నడిపితే అది ఏ పంక్తిలో ఉందో కూడా తెలుస్తుంది. అత్యధిక ధర పలికిన లాటును గుర్తుపెట్టుకోవడానికి చిరునామాను కాక, అర్రేలో దాని వరుస సంఖ్యను దాచడమే క్షేమమని ఈ పరీక్షతో స్థిరపడింది.

చివరిది గుణకారం. సామర్థ్యాన్ని ఒక్కో నమోదు పరిమాణంతో గుణించినప్పుడు ఫలితం ఆ రకం సంఖ్య పట్టగల హద్దు దాటితే, అది చుట్టు తిరిగి చిన్న సంఖ్యగా మారి, అవసరమైనదానికంటే చాలా తక్కువ చోటు దొరుకుతుంది. ఆ తర్వాత రాసేవన్నీ పక్క డేటా మీద పడతాయి. కాబట్టి గుణించడానికి ముందే భాగహారంతో హద్దు సరిచూసుకుని, అసాధ్యమైన సామర్థ్యం అడిగితే అర్రే తిరస్కరించేలా రాశాను. ఈ పరీక్షలో పిలుపుల లెక్క 0 దగ్గరే ఉండాలి, ఉంది.