షిరోగానెలో సెంటు స్థలం కోసం

ఫైనల్ ఫాంటసీ 14 అనే ఆన్‌లైన్ ఆటలో దేవుళ్లను చంపడం పెద్ద కష్టమేం కాదు. ఎనిమిది మంది ఓ సాయంత్రం కుదురుగా కూర్చుంటే పనైపోతుంది. కష్టమల్లా ఇల్లు కొనడమే. డబ్బుంటే చాలదు, అర్హత ఉన్నా చాలదు. ఖాళీ స్థలం కనబడాలి, అదే స్థలం మీద కన్నేసిన మిగతా వాళ్లందరికంటే మన అదృష్టం బాగుండాలి.

చాలా ఆటల్లో ఈ గొడవే ఉండదు. ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్‌లో 2017 నుంచీ ఇళ్లు అమ్ముతున్నారు. ఒకే ఇంటిని లక్ష మంది కొన్నా ఎవరి ఇల్లు వాళ్లదే, ఎవరి గుమ్మంలోంచి వాళ్లు వెళ్తారు. ఇక్కడ అలా కాదు, నేల నిజంగానే నేల. ఒకరు కొంటే ఇంకొకరికి లేనట్టే. ఇళ్ల కాలనీలు ఐదు: మిస్ట్, లావెండర్ బెడ్స్, గాబ్లెట్, షిరోగానె, ఎంపిరియం. 2023 జనవరిలో వార్డులు పెంచిన తర్వాత ఒక్కో కాలనీకి 30 వార్డులు, వార్డుకు 60 ప్లాట్లు. అన్నీ కలిపితే ఒక సర్వర్‌కు, అంటే ఆట నడిచే ఒక్కో ప్రపంచానికి, 9,000. అందులోనూ కొన్ని వార్డులు ఎఫ్‌సీలకు, అంటే ఆటగాళ్ల సంఘాలకు, విడిగా పెట్టారు. జనం నిండిన సర్వర్‌లో ఇది ఏ మూలకు?

నేను ఇందులోకి వచ్చింది మా బావ వల్ల. మేనత్త కొడుకు, డాలస్‌లో ఉంటాడు. ఆయన పాత్ర ఉత్తర అమెరికా వాళ్ల ఏథర్ డేటా సెంటర్‌లో ఉంది కాబట్టి నేనూ హైదరాబాద్‌లో కూర్చుని అక్కడే ఆడాలి. ఇక్కడినుంచి సిగ్నల్ అక్కడికి చేరేలోపు, నేను తప్పుకున్నాననుకున్న దెబ్బకు నా పాత్ర అప్పటికే నేలకరిచి ఉంటుంది. అదొక ప్రత్యేకమైన బాధ, దాని సంగతి ఇంకోసారి.

బావకు షిరోగానెలో చిన్న ఇల్లుంది. జపాన్ పల్లెలా ఉంటుంది ఆ కాలనీ: చెక్క వంతెనలు, పూలచెట్లు, కింద సముద్రం. వాళ్ల వీధి చివర నిలబడితే దూరంగా దీపాలు కనిపిస్తాయి. ఆ వీధిలోనే, కనీసం ఆ వార్డులోనే, నాకూ ఒక స్థలం దొరకాలన్నది నా కోరిక. ఊళ్లో ఎలాగూ దూరమైపోయాం, ఇక్కడైనా పక్కపక్కనే ఉందామని.

మొదట అర్హత. ఏదో ఒక వృత్తిలో లెవెల్ 50 రావాలి, గ్రాండ్ కంపెనీ అనే ఆటలోని సైన్యంలో సెకండ్ లెఫ్టినెంట్ హోదా రావాలి. ఆ హోదాకు ముందు ఆరమ్ వేల్ అనే గుహ ఒకటి దాటాలి. కొత్తవాళ్లు దాని మొదటి గదిలోనే గుంపుగా చచ్చిపోతారు. మేమూ చచ్చాం, నవ్వుకున్నాం, దాటాం.

తర్వాత గిల్, అంటే ఆటలో చెల్లే డబ్బు. చిన్న ప్లాటు 30 లక్షల నుంచి 37 లక్షల 50 వేల దాకా, మధ్యరకం కోటీ 60 లక్షల నుంచి 2 కోట్లు, పెద్దది 4 నుంచి 5 కోట్లు. నేను వడ్రంగం ఎంచుకున్నాను. బల్లలు, అల్మరాలు, మంచాలు చేసి మార్కెట్ బోర్డులో పెడితే ఇల్లున్నవాళ్లు కొనేవాళ్లు. చిన్న ప్లాటుకు సరిపడా పోగయ్యేదాకా ఆ సర్వర్‌లో ఎన్ని పడకగదులకు మంచాలు చేసిచ్చానో లెక్కలేదు. నా పాత్ర మాత్రం సత్రంలో పడుకునేది.

ఇక వెతుకులాట. ఊరి మధ్యనున్న పెద్ద స్ఫటికాన్ని ముట్టుకుని కాలనీ ఎంచుకుంటే వార్డుల జాబితా తెరుచుకుంటుంది. 60 ప్లాట్ల పేజీ ఒక్కొక్కటీ తిప్పాలి. అన్నిటి మీదా ఎవరెవరివో పేర్లు. ఎక్కడో ఓ వార్డులో ఒక గడి ఖాళీగా కనబడుతుంది. గుండె ఝల్లుమంటుంది. చూస్తే అది ఎఫ్‌సీల వార్డు. మళ్లీ తిప్పుడు.

ఖాళీ దొరికితే అక్కడికి వెళ్లి, ప్లాటు ముందున్న చెక్క బోర్డు దగ్గర లాటరీ టిక్కెట్టు తీసుకోవాలి. ప్లాటు ధర మొత్తం అప్పుడే కట్టేయాలి. ఐదు రోజులు దరఖాస్తులు, తర్వాత నాలుగు రోజులు ఫలితాలు, మళ్లీ ఐదు, మళ్లీ నాలుగు. ఏడాది పొడుగునా ఇదే తిరగలి. రాకపోతే డబ్బు మొత్తం వెనక్కిస్తారు. వచ్చి కూడా గడువులోగా స్థలం తీసుకోకపోతే సగమే ఇస్తారు. ఎవరు ముందు వచ్చారన్నది లెక్కలోకి రాదు.

పద్ధతి న్యాయమైనదే, ఒప్పుకుంటాను. 2022 ఏప్రిల్‌కు ముందు పరిస్థితి ఇంకా ఘోరమని బావ స్వాతంత్ర్య పోరాటం చెప్పినట్టు చెబుతాడు. అప్పట్లో ఖాళీ అయిన ప్లాటు అమ్మకానికి ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు. లోపల రహస్యంగా ఒక గడియారం తిరుగుతుండేది. జనం బోర్డు ముందు గుమిగూడి గంటల తరబడి నొక్కుతూనే ఉండేవాళ్లు. వాళ్ల మధ్య మనిషికి బదులు నొక్కే బాట్ ప్రోగ్రాములు కూడా. బావ తన ఇల్లు అలా సంపాదించిందే, మణికట్టుకు పట్టీ వేసుకుని. లాటరీ వచ్చిన కొత్తలో కూడా ఓ ప్రహసనం నడిచింది. చాలా ప్లాట్లకు గెలిచిన నంబర్ ‘0’ అని పడింది. సున్నా నంబర్ టిక్కెట్టు ఎవరి దగ్గరా ఉండదు కదా. దాన్ని సరిచేసేసరికి మే నెల వచ్చింది. నేను అప్పటికి ఈ ఆట మొహం చూడలేదు, బతికిపోయాను.

ఫలితాలు మన టైము ప్రకారం రాత్రి ఎనిమిదిన్నరకు వస్తాయి. సరిగ్గా భోజనాల వేళ. గుంటూరు నుంచి వచ్చి మా ఇంట్లో ఉన్న అమ్మ, కంచం పక్కన పెట్టి కంప్యూటర్ ముందు కూర్చున్న నన్ను ఓ రోజు అడిగింది.

“ఏం చూస్తున్నావురా అంత ఇదిగా?”

“ఇల్లు లాటరీలో వచ్చిందేమోనని.”

“టిడ్కో ఇల్లా?” కళ్లు పెద్దవి చేసింది.

కాదని చెప్పి విషయం వివరించాను. మొత్తం విని, “మరి పక్కనే మీ బావ ఇల్లుంది కదా, మేడ మీద ఓ గది వేసుకోకూడదూ?” అంది. నిజానికి అలాంటి వీలుంది. ఇంటి యజమాని ముగ్గురు స్నేహితులను వాటాదారులుగా చేర్చుకోవచ్చు. బావ నన్ను చేర్చుకున్నాడు కూడా. అయితే అది ఆయన ఇల్లు. నేను బల్ల జరిపితే మర్నాటికి ఆయన మళ్లీ సర్దేసేవాడు. ఐదు లక్షల గిల్‌కు అపార్ట్‌మెంట్ కూడా దొరుకుతుంది, లాటరీ గీటరీ లేకుండా. తీసుకున్నాను. నాలుగు గోడలు, ఒక తలుపు. పెరడు లేదు, మొక్కలంటే కుండీలోనే. ఇల్లు కావాలని వచ్చేవాళ్లందరికీ ఆట చూపించే ఓదార్పు ఇదే. నాకైతే అది ఓదార్పు అనిపించలేదు.

షిరోగానెలో ఏ ప్లాటు ఖాళీ అయినా బోర్డు మీద దరఖాస్తుల సంఖ్య చూస్తుండగానే పెరిగేది. చాలాసార్లు పోయింది. ఓడినప్పుడల్లా మళ్లీ అదే బోర్డు దగ్గరికి వెళ్లి డబ్బు వెనక్కి తీసుకోవాలి. ఆ నడకే నాకు అన్నిటికంటే చికాకు.

ఖాళీలు ఎక్కడినుంచి వస్తాయో కూడా చెప్పాలి. యజమాని 45 రోజుల పాటు ఇంట్లో అడుగు పెట్టకపోతే ఇల్లు దానంతటదే కూలిపోతుంది. స్థలం మళ్లీ లాటరీకి వస్తుంది. అంటే నాకు ఇల్లు రావాలంటే ఎవరో ఒకరు ఆట మానేయాలి, లేదా చందా కట్టడం మరిచిపోవాలి. పెద్ద విపత్తులు వచ్చినప్పుడు ఈ కూల్చివేతలు ఆపేస్తారు. 2020లో కరోనాకు ఆపారు. 2025 జనవరిలో లాస్ ఏంజెలెస్ కార్చిచ్చు రేగినప్పుడు ఉత్తర అమెరికా సర్వర్లలో ఆపారు. మంచి పనే, ఇల్లు కాలిపోయిన మనిషి ఆటలో ఇంటి గురించి దిగులు పడకూడదు. మాలాంటి వాళ్లకు ఆ రోజుల్లో కొత్త స్థలాలు దాదాపు రాలేదు. వార్డుల పేజీలు తిప్పుతూ ఖాళీ లేదని విసుక్కుంటున్న నన్ను చూసి నాకే సిగ్గేసింది.

కూల్చివేతలు మళ్లీ మొదలయ్యాక నాకు వచ్చింది. షిరోగానెలో కాదు, గాబ్లెట్‌లో. ఉల్దా అనే నగరం పక్కన ఎడారి రాళ్ల మధ్య, మెట్ల వెనక, మూలకు ఒదిగిన ప్లాటు. కిటికీ తెరిస్తే కొండగోడ. ఎవరూ ఇష్టపడరని తెలిసే అక్కడ వేశాను, అయినా పోటీ ఉంది. బోర్డు మీద నా నంబరే పడినప్పుడు అరిచిన అరుపుకు అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

ఇల్లు కట్టి చూడమంటారు గానీ, ఇక్కడ కట్టడం నిమిషం పని. నాలుగున్నర లక్షలిచ్చి అనుమతి పత్రం కొని నొక్కితే గోడలు, కప్పు, తలుపు లేచి నిలబడతాయి. వారం రోజులు సంబరంగా సర్దుకున్నాను. నేను చేసిన మంచం మీద నేనే పడుకున్నాను, ఎట్టకేలకు.

ఇరుగుపొరుగు సంగతి అప్పుడే తెలిసింది. కాలనీ అంటే సందడి ఉండాలని, మనుషులు ఒకరికొకరు ఎదురుపడాలని ఇలా నేలను పరిమితం చేశారంటారు. మా వీధిలో సందడి ఇలా ఉంటుంది: ఎదురింటి ముందు వెలుగు మెరిసి ఒక పాత్ర ప్రత్యక్షమవుతుంది. తలుపు తీసి లోపలికెళ్తుంది. ఊపిరి పీల్చి వదిలేలోపు బయటికొచ్చి మాయమవుతుంది. 45 రోజుల లెక్క మళ్లీ మొదటికి వచ్చిందన్నమాట. నేను చెయ్యి ఊపాను, చూడలేదు. ఆ ఇంటి ముందున్న సందేశాల పుస్తకంలో “కొత్తగా వచ్చాం, నమస్తే” అని ఇంగ్లీషులో రాసి వచ్చాను. జవాబు లేదు. కొన్నాళ్లకు నేనూ అదే పని చేస్తున్నాను. ఆఫీసు పని పెరిగి ఆట తగ్గింది, అయినా ఇంటి కోసం చందా కడుతూనే ఉన్నాను. అక్కడికెళ్లి తలుపు తీయడం, వేయడం.

నా అభిప్రాయం ఒక్కటే. ఇరుగుపొరుగు కోసం నేలను కొలిచి పంచారు, పంచే పద్ధతి మాత్రం ఇరుగుపొరుగును కుదరనివ్వదు. లాటరీ మనుషులను ఎటుబడితే అటు విసిరేస్తుంది. కలిసి ఆడే పదిమంది ఒకే వీధిలో ఉండాలంటే పదిమందికీ ఆ వీధిలోనే ఖాళీలు రావాలి, పదిసార్లూ నంబరు కలవాలి. అది జరిగే పని కాదు. ఇల్లు ఒకరి నుంచి ఒకరికి రాసివ్వడానికీ వీల్లేదు.

ఆ చివరి మాట మాకు బాగా తగిలింది. పోయిన శీతాకాలం బావ వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఇంకో ఆన్‌లైన్ ఆటకు మారిపోయాడు. 2025 డిసెంబర్‌లో అక్కడ ఇళ్లు మొదలయ్యాయి. లాటరీ లేదు, చందా ఆగినా ఇల్లు పోదు. కావలసినవాళ్లు కలిసి తమకంటూ ఒక పేట పెట్టుకోవచ్చు. వెళ్లేముందు షిరోగానె ఇల్లు నాకిద్దామని చూశాడు. కుదరదు. వాటాదారుగా నాకు ఏ హక్కూ లేదు. ఆయన స్థలం వదిలేస్తే అది లాటరీకి వెళ్తుంది, నేను అందరితోపాటు వరుసలో నిలబడాలి.

“వదిలేస్తున్నా, రెడీగా ఉండరా” అన్నాడు. ఉన్నాను. దరఖాస్తులు తెరిచిన మొదటి రాత్రే టిక్కెట్టు తీసుకున్నాను, ముందు వస్తే ఒరిగేదేం లేదని తెలిసీ. నాది 3వ నంబరు. ఐదో రోజుకు బోర్డు మీద అరవై దాటింది. గెలిచింది 27. ఎవరో ఏమిటో తెలియదు, ఆ జపాన్ వీధి మధ్యలో మిస్ట్ వాళ్ల సముద్రపు బంగళా తెచ్చి నిలబెట్టారు. ఫోటో పంపితే బావ చాలాసేపు తిట్టాడు.

ఇప్పుడు ఆయన రోజూ పిలుస్తున్నాడు. “పక్క ప్లాటు నీదేరా, ఊరికే వచ్చి తీసుకో” అని. వెళ్తే అక్కడ మళ్లీ ఒకటో లెవెల్ నుంచి మొదలుపెట్టాలి, రెండు చందాలు కట్టాలి. ఇంకా తేల్చుకోలేదు. గాబ్లెట్ ఇంటికి గడువు మాత్రం దగ్గరపడింది, శనివారం లోపు ఓసారి తలుపు తీసి రావాలి.