సైన్స్ డే నాడు రామన్ ఎఫెక్ట్ గురించి ఏం చెప్పాలి, ఏం చూపించాలి

ఫిబ్రవరి 28 వచ్చిందంటే నల్లగొండ జిల్లా బడుల్లో ఒకే మాట వినిపిస్తుంది: సముద్రం ఎందుకు నీలంగా ఉంటుందో కనిపెట్టినందుకు సి.వి. రామన్‌కు నోబెల్ వచ్చిందని. అది నిజం కాదు. 1921లో ఓడ మీద పోతూ ఆయన మధ్యధరా సముద్రాన్ని నికోల్ పట్టకంలోంచి (ఒకే దిశలో కంపించే వెలుతురునే వదిలే స్ఫటికం) చూశారు. నీటి మీద పడిన ఆకాశపు మెరుపును ఆపినా నీలం పోలేదు. నీలం ఆకాశపు ప్రతిబింబం మాత్రమే కాదని అట్లా తేలింది. (నీరు ఎరుపును కొంత పీల్చుకోవడం కూడా దానికి కారణమే.) నోబెల్ మాత్రం ఏడేండ్ల తర్వాత చేసిన పనికి, అంటే చెదిరిన వెలుతురులో కొద్ది భాగం రంగు మారుతుందని (రామన్ ఎఫెక్ట్) చూపినందుకు, 1930లో వచ్చింది.

మామూలు పరిక్షేపణాన్ని (వెలుతురు చెదరడాన్ని) క్లాసులో సులువుగా చూపించొచ్చు. గది చీకటి చేసి, గాజు తొట్టిలో లీటరు నీళ్లు పోసి రెండు మూడు చుక్కల పాలు కలపండి. ఒక వైపు నుంచి టార్చి వేస్తే పక్క నుంచి నీలిఛాయ, ఎదుటి చివర పసుపుఛాయ కనబడతాయి. పాలు ఎక్కువైతే వెలుతురు లోపలే మళ్లీ మళ్లీ చెదిరి అంతా తెల్లగా అయిపోతుంది. పోలరాయిడ్ ముక్కను (ఇదీ నికోల్ పట్టకంలాగే పనిచేస్తుంది) పక్క నుంచి తిప్పి చూడండి, వెలుతురు తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది. ఇక్కడ నీలం ఎక్కువ చెదిరింది, అంతే. ఏ రంగూ ఇంకో రంగుగా మారలేదు.

రామన్, ఆయన శిష్యుడు కె.ఎస్. కృష్ణన్ చూసింది అట్లా రంగు మారడాన్నే. ఎండను పెద్ద కటకంతో ద్రవంలోకి కేంద్రీకరించి, దారిలో నీలి-ఊదా ఫిల్టర్ పెట్టారు. దాన్ని దాటిన వెలుతురును పూర్తిగా ఆపే పసుపు-ఆకుపచ్చ ఫిల్టర్ రెండోది. రెండూ ద్రవానికి ముందే ఉంటే లోపల చీకటి. రెండోదాన్ని కంటి ముందుకు మార్చితే సన్నని వెలుతురు కనబడింది. అంటే రంగు ద్రవంలోనే మారింది.

ఇది ఫ్లోరెసెన్స్ (పదార్థం వెలుతురును పీల్చుకుని వేరే రంగులో వెదజల్లడం) కాదా? అసలు చిక్కు ఇదే. 1923లో రామన్ శిష్యుడు రామనాథన్ ద్రవాన్ని ఎన్నిసార్లు శుద్ధి చేసినా ఆ వెలుతురు పోలేదు. రామన్ దగ్గరే పనిచేసిన వెంకటేశ్వరన్ చూసిన శుద్ధమైన గ్లిసరిన్‌లో అది బాగా ధ్రువణం చెంది (ఎక్కువగా ఒకే దిశలో కంపిస్తూ) ఉంది. ద్రవాల్లో ఫ్లోరెసెన్స్ సాధారణంగా అట్లా ఉండదు. 1928 ఫిబ్రవరి 28న పాదరస దీపం వెలుతురును వర్ణపటదర్శినిలో (వెలుతురును రంగులుగా విడదీసే పరికరం) చూస్తే కొత్త గీతలు విడిగా కనబడ్డాయి.

బెంజీన్ లెక్క చూడండి. 435.8 నానోమీటర్ల నీలి గీత అంటే సెంటీమీటరుకు సుమారు 22,946 తరంగాలు. బెంజీన్ అణువు కంపనానికి 992 పోతే 21,954 మిగులుతుంది, అంటే 455.5 నానోమీటర్లు. అట్లా మారేది సుమారు కోటి ఫోటాన్లలో (వెలుతురు కణాల్లో) ఒకటే, అందుకే కంటికి దొరకడం కష్టం. బెంజీన్ క్యాన్సర్ కారకం, బడికి తేవద్దు.

ఆలివ్ నూనెలో ఆకుపచ్చ లేజర్ వేసి, ఎర్రబడిన గీతను రామన్ ఎఫెక్ట్ అని చూపించకండి. అది నూనెలోని పత్రహరితం ఫ్లోరెసెన్స్. లేజర్ రంగు మార్చినా ఫ్లోరెసెన్స్ తన చోటే ఉంటుంది, రామన్ గీత మాత్రం లేజర్‌తో పాటే జరుగుతుంది. నల్లగొండ లతీఫ్‌సాబ్ గుట్ట రాళ్లలాంటి గ్రానైట్‌లో దొరికే పలుగురాయి మార్పు సెంటీమీటరుకు 464 తరంగాలు. ఆకుపచ్చ లేజర్ 532 నానోమీటర్లు అయితే ఆ గీత ఎక్కడ పడుతుందో పదో తరగతి పిల్లలతో బోర్డు మీద చేయించండి. జవాబు 545.5 నానోమీటర్లు రావాలి.