ఐస్‌క్రీమ్ డబ్బా, నాన్న చీటీ

బుజ్జికి లెక్కల్లో 91 వచ్చాయి. లెక్కలంటే మొన్నటిదాకా ఎంత ఏడ్చేదో, అందుకే ఆఫీసు నుంచి వస్తూ దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి ఐస్‌క్రీమ్ ఫ్యామిలీ ప్యాక్ తెచ్చాను. అందరం తిన్నాం, అత్తమ్మ కూడా రెండోసారి వేయించుకుంది.

డబ్బా కడుగుతుంటే చూశాను. ఎక్కడా ఐస్‌క్రీమ్ అన్న మాటే లేదు. అడుగున చిన్న అక్షరాల్లో ఫ్రోజెన్ డెజర్ట్ అని, పదార్థాల్లో పామాయిల్ అని ఉంది. షాపతను మాత్రం ఐస్‌క్రీమ్ అనే ఇచ్చాడు, మూత మీద బొమ్మ కూడా అలాగే ఉంది. ఐస్‌క్రీమ్‌లో పాల కొవ్వు ఉండాలి, నూనె వాడితే పేరు మార్చి అమ్మాలి, అదీ రూల్. వాళ్లు రూల్ తప్పలేదు, నాకు మంట అక్కడే. ఆయనేమో "మనం పామాయిల్ తినలేదా, పడుకో" అన్నారు. తిన్నాం. రేషన్ షాపులో క్యూ కట్టి, పామాయిల్ అని తెలిసే తెచ్చుకుని తిన్నాం. ఇవాళ నాకెవరూ చెప్పలేదు.

నిద్ర పట్టక ఇలాంటివాటి మీద ఎప్పుడు మొదలుపెట్టారా అని చదువుతూ కూర్చున్నాను. అమెరికాలో హార్వీ వైలీ అనే ప్రభుత్వ కెమిస్టు 1902లో కుర్రాళ్లకు, అప్పట్లో తిండి పాడవకుండా వాడే బోరాక్స్ కలిపిన భోజనం పెట్టి ఒంటికేమవుతుందో చూశాడట. 1906 జూన్ 30న చట్టం వచ్చింది. కల్తీ ఒక్కటే కాదు, లేబుల్ మీద మోసం కూడా అందులో నేరమే. ఆ చట్టం కింద 1924లో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ఒక కేసులో ముద్దాయి మనిషి కాదు, 95 పీపాల వెనిగర్. ఎండబెట్టిన ఆపిల్ ముక్కల్ని నీళ్లలో నానబెట్టి చేసి, మంచి ఆపిల్స్‌తో చేసిన సైడర్ (తాజా ఆపిల్ రసం) వెనిగర్ అని రాశారు. తాగితే హాని లేదు. అయినా చదివినవాడు ఇంకోలా అనుకునేట్టు రాశారు కాబట్టి తప్పే అన్నారు. చదవగానే ఆ డబ్బాని కూడా అలాగే బోనులో నిలబెట్టాలనిపించింది, షాపుకొక ఇన్‌స్పెక్టర్ రావాలనిపించింది.

అనిపించగానే నాన్న గుర్తొచ్చారు.

1987, మలక్‌పేట కొట్టు. నేను గల్లా పెట్టె పక్కన హోంవర్క్ చేసుకుంటున్నాను. ఫుడ్ ఇన్‌స్పెక్టర్ వచ్చి కారం తూయించాడు, డబ్బులిచ్చి రసీదు రాయించుకున్నాడు. శాంపిల్ ఊరికే తీసుకోరు, కొంటారు. మూడు సీసాల్లో పోసి, కాగితం చుట్టి, లక్క కరిగించి ముద్ర వేశాడు. ఆ లక్క వాసన నాకిప్పటికీ తెలుసు. పక్క దర్జీ చేత సాక్షి సంతకం పెట్టించాడు. నాన్న చెయ్యి వణికి సంతకం వంకరగా పడింది. రిపోర్టులో రంగు కలిపారని వచ్చింది. కల్తీ రుజువైతే 6 నెలలు తగ్గకుండా జైలని వకీలు చెప్పిన రోజు అమ్మ వంట చేయలేదు.

ఆ కారం నాన్న పట్టించింది కాదు. బేగంబజార్‌లో ఒక హోల్‌సేల్ వ్యాపారి దగ్గర మూట కొన్నారు. సరుకు మంచిదేనని అమ్మినవాడు హామీ రాసిచ్చిన వారంటీ బిల్లు ఉంటే చట్టంలోనే రక్షణ ఉంది, అతనిచ్చింది తెల్ల చీటీ. ఆరేళ్లు కోర్టు చుట్టూ తిరిగారు, వాయిదా ఉన్న రోజల్లా కొట్టుకి తాళం. చివరికి సాక్షి నిలబడక కేసు కొట్టేశారు, అప్పటికి కొట్టే లేదు. ఆ మూటనే బోనులో పెట్టి ఉంటే మా ఇల్లు వేరేలా ఉండేది. రంగు కలిపినవాడు ఒక్కరోజు కూడా కోర్టు మెట్లెక్కలేదు.

ఇన్‌స్పెక్టర్లు వద్దు అని రాసి, ఇప్పుడే కొట్టేశాను. ఎందుకంటే ఆ కారంలో రంగు నిజంగానే ఉంది. అదే కారం మేమూ తిన్నాం, వీధిలో బాలింతలున్న ఇంటికీ నాన్న చేత్తోనే పొట్లం కట్టి ఇచ్చారు. ఆ సీసా సీలు చేసి ఉండకపోతే ఇంకా అమ్మేవారం. ఇన్నేళ్లూ ఆ ఇన్‌స్పెక్టర్‌ని తిట్టుకున్నాను కానీ అతను తన పని చేశాడు. బేగంబజార్ దాకా ఎవరూ వెళ్లకపోవడం మీదే నా కోపం. రేపు ఆ షాపతణ్ని కూడా ఏమీ అనను, డబ్బా అతను తయారు చేసింది కాదు.

పదకొండున్నరకి అమ్మకి ఫోన్ చేశాను, మెలకువగానే ఉంది. ఆ తెల్ల చీటీ ఏమైందని అడిగాను. నాన్న పోయేదాకా ట్రంకు పెట్టెలో, నా పదో తరగతి మెమో కింద దాచుకున్నారట, ఇంకా అక్కడే ఉందట.