స్పీడ్ టెస్ట్‌లో వంద, ఎక్సెల్‌లో నత్త

మాది పర్లాకిమిడి. మహేంద్రతనయ ఒడ్డున ఊరు, కూతవేటు దూరంలో పాతపట్నం, అంటే ఆంధ్రా వచ్చేసినట్టే. బజారులో ఒడియా, ఇంట్లో తెలుగు, ఆఫీసు కాల్‌లో ఇంగ్లీషు, ఇదీ నా రోజు. రెండేళ్లుగా ఇంట్లో కూచునే హైదరాబాద్ కంపెనీ ఒకదానికి అకౌంట్స్ పని చేస్తున్నా. వాళ్లిచ్చిన లాప్‌టాప్‌లో ఏమీ ఉండదు, అది ఉత్త కిటికీ. అసలు విండోస్, ఎక్సెల్, ఫైళ్లు అన్నీ ముంబైలో ఏదో డేటా సెంటర్‌లో వర్చువల్ డెస్క్‌టాప్ మీద ఉంటాయి, నేనిక్కడ కీ నొక్కితే ఆ నొక్కుడు అక్కడిదాకా పోయి అక్కడ అక్షరం పడి, ఆ స్క్రీన్ బొమ్మ తిరిగి నా దగ్గరికి రావాలి.

పొద్దున్న బాగానే ఉంటది. సాయంత్రం ఆరున్నర దాటిందా, ఇంక చూస్కోండి, 45000 అని కొడితే కాసేపు ఏమీ రాదు, పడలేదేమో అని మళ్లీ సున్నా కొడతా, అప్పుడు అన్నీ ఒకేసారి వచ్చి నాలుగు లక్షల యాభై వేలు అయిపోతది. "ఏట్రా, ఆ కీబోర్డు ఏం పాపం చేసిందని అలగ బాదుతున్నావు" అని వంటింట్లోంచి అమ్మ.

ఆఫీసు ఐటీ వాళ్లకి ఫిర్యాదు టికెట్ పెట్టా. స్పీడ్ టెస్ట్ స్క్రీన్‌షాట్ పంపమన్నారు. పంపా. 100 ఎంబీపీఎస్. మీ నెట్ బ్రహ్మాండంగా ఉందండీ అని టికెట్ క్లోజ్. మళ్లీ పెట్టా, మళ్లీ స్క్రీన్‌షాట్, మళ్లీ క్లోజ్. మూడోసారి నాకే ఒళ్లు మండి, అసలు దీన్ని ఎలా కొలుస్తారో నేనే చూద్దాం అనుకున్నా.

మొదట తెలిసిందేంటంటే ఆ వందకీ నా బాధకీ సంబంధమే లేదు. మైక్రోసాఫ్ట్ వాళ్లు తమ వర్చువల్ డెస్క్‌టాప్‌కి ఇచ్చిన లెక్క చూస్తే తేలిక పనికి 1.5 ఎంబీపీఎస్, మామూలు ఆఫీసు పనికి 3, కాస్త బరువు పనికి 5, వీడియోలూ త్రీడీలూ చేసేవాళ్లకి 15 చాలంట. నా ఎక్సెల్‌కి 3 చాలు. రోడ్డు ఎంత వెడల్పో కాదు, పోయి రావడానికి ఎంతసేపో చూడాలి. దానికి వాళ్లే చెప్పిన హద్దు రానూపోనూ 150 మిల్లీసెకన్లు.

పింగ్ పెట్టి, అంటే చిన్న సందేశం పోయి రావడానికి ఎంతసేపో కొలిచి చూస్తే, పొద్దున్న 48 వచ్చింది. ఫైబర్‌లో వెలుగు సెకనుకి దగ్గర దగ్గర రెండు లక్షల కిలోమీటర్లు పోతది, ఇక్కణ్ణించి ముంబై తిన్నగా గీత గీస్తే ఓ 1,200 కిలోమీటర్లు, అంటే రానూపోనూ 12 మిల్లీసెకన్లలో అయిపోవాలి. కానీ తీగ తిన్నగా పోదు కదా, ఊరూరా తిరిగి, రూటర్ రూటర్ దగ్గరా ఆగి పోతది, కాబట్టి 48 అంటే నేనేమీ అనను.

కానీ పింగ్ అంటే దారిలో పట్టిన టైము మాత్రమే. కీ నొక్కాక అక్కడ ఎక్సెల్ కదలాలి, మారిన స్క్రీన్‌ని అక్కడి సర్వర్ కుదించి పంపాలి, ఇక్కడ లాప్‌టాప్ దాన్ని విప్పి చూపించాలి. ఇదంతా కలిపి కొలవాలంటే? ఫోన్‌లో స్లో మోషన్ ఉంది కదా, సెకనుకి 240 ఫ్రేములు, అంటే ఒక్కో ఫ్రేమూ 4 మిల్లీసెకన్ల పైచిలుకు. ఆవకాయ జాడీకి ఫోన్ ఆనించి, నా వేలూ స్క్రీనూ రెండూ కనపడేలా పెట్టి, ఒక్కో అక్షరం 20 సార్లు కొట్టా. తర్వాత వీడియో ఒక్కో ఫ్రేమూ జరుపుకుంటూ, వేలు తగిలిన దగ్గర్నించి అక్షరం కనపడేదాకా లెక్కపెట్టడం. కళ్లు లాగేశాయి గానీ ఇంతకన్నా నిజం చెప్పే కొలత నాకు దొరకలేదు.

లాప్‌టాప్‌లోనే ఉన్న నోట్‌ప్యాడ్‌లో 18 ఫ్రేములు, అంటే 75 మిల్లీసెకన్లు. ముంబై నోట్‌ప్యాడ్‌లో పొద్దున్న 36 ఫ్రేములు, 150. తేడా 75, అందులో 48 దారికే పోయింది, మిగతా 27 కుదించడం విప్పడం. ఇదీ పర్లేదు, చెయ్యి అలవాటు పడిపోతది. సాయంత్రం తీస్తే 20లో 14 సార్లు పొద్దుటిలాగే ఉంది, మిగతా ఆరుసార్లు మాత్రం 100 ఫ్రేముల పైన, ఒకటైతే 151. అంటే అర సెకను దాటింది. అన్నీ కలిపి సగటు తీస్తే 250 లోపే వస్తది, కాయితం మీద మరీ ఘోరంగా కనపడదు, కానీ మనిషికి గుర్తుండేది ఆ ఆరే. రోజూ టైముకొచ్చే బస్సు వారంలో రెండ్రోజులు గంట లేటైతే ఊళ్లో దానికి లేటు బస్సనే పేరు పడతది గానీ సగటెవడు చూస్తాడు.

ఇక్కడో మాట. సర్వర్ చెప్పేది కూడా నమ్మకండి. ముంబై డెస్క్‌టాప్‌లో పెద్ద షీటు కిందికి స్క్రోల్ చేస్తే అక్కడి లెక్కలో గబగబా అయిపోయినట్టే, నాకిక్కడ మూడు గెంతుల్లో కనపడతది, మధ్యలో బొమ్మలు రానే లేదు, పంపకుండానే పడేసింది సర్వర్. కొలంబియా యూనివర్సిటీలో జేసన్ నీ అనే ప్రొఫెసరూ ఆయనతో పనిచేసినవాళ్లూ ఇరవై ఏళ్ల కిందటే ఈ మోసం పట్టుకుని దానికి స్లో మోషన్ బెంచ్‌మార్కింగ్ అని ఒక పద్ధతి పెట్టారు. పనిలో ఒక్కో మార్పుకీ మధ్య కావాలని ఖాళీ వదుల్తారు, ముందు బొమ్మ పూర్తిగా ఇవతలికి చేరాకే తర్వాతది, అప్పుడు పడేయడానికి వీలుండదు, నిజంగా ఎంతసేపు పట్టిందో బయటపడతది. నా ఫోన్ కెమెరా పేరూ స్లో మోషనే గానీ ఇది వేరు అది వేరు, పేరు కలిసిందంతే.

సరే, సాయంత్రమే ఎందుకు? నాకింకో కొలత కావాల్సొచ్చింది. అరగంటలో నేను ఎన్నిసార్లు బ్యాక్‌స్పేస్ కొడుతున్నానో లెక్కపెడదాం అనుకున్నా, ఎందుకంటే లేటైనప్పుడల్లా రెండోసారి కొట్టి తుడిచేది దాంతోనే కదా. కంపెనీ లాప్‌టాప్‌లో ఏమీ ఇన్‌స్టాల్ చెయ్యనివ్వరు, అందుకని మా చెల్లిని పక్కన కూచోబెట్టి నోటుబుక్‌లో గీతలు గియ్యమన్నా, అరగంటకి 20 రూపాయలు. పొద్దున్న 14 గీతలు. సాయంత్రం 61. ఐటీ వాళ్లకి ఇచ్చిన ఏ నంబరు కన్నా ఈ 61 నా బాధ బాగా చెప్తది అని ఇప్పటికీ నా అభిప్రాయం.

రెండో సాయంత్రం గీతలు 17కి పడిపోయాయి. నేనేం మార్చలేదు. ఏంటా అని చూస్తే ఆ రోజు చెల్లి ఫోన్ ఛార్జింగ్ అయిపోయి ఆఫ్‌లో ఉంది! కాలేజీ నుంచి ఆరున్నరకి వస్తది, ఇంటి వైఫై తగలగానే దాని ఫోన్ ఆ రోజు ఫోటోలూ రీళ్లూ అన్నీ క్లౌడ్‌కి ఎక్కించడం మొదలెడతది. మా ప్లాన్‌లో డౌన్‌లోడ్ వంద గానీ అప్‌లోడ్ పదే. అది నిండిపోతే మోడెమ్ దగ్గర క్యూ, నా కీ నొక్కుడు ఎంత చిన్నదైనా ఆ క్యూలోనే నిలబడాలి. గుణుపూరు బండి కోసం గేటు పడితే ధాన్యం లారీల వెనక సైకిల్ వాడు నిలబడినట్టు. పింగ్ కిటికీ తెరిచిపెట్టి దాని ఫోన్ ఆన్ చేయించా, 48 కాస్తా 400 దాటింది. బఫర్‌బ్లోట్ అంటారంట దీన్ని. స్పీడ్ టెస్ట్ చేసేటప్పుడు నేనెప్పుడూ మధ్యాహ్నం ఖాళీ టైములో చేశా, ఇంకెలా దొరుకుతది. లెక్కలు రాసిన మనిషే దొంగ, పైగా 60 రూపాయలు తీసుకుంది.

బ్యాకప్ రాత్రి పదకొండుకి మార్పించా. చాలావరకు పోయింది, పూర్తిగా పోలేదు. వాన పడితే మళ్లీ తంటా. మా వీధిలో ఫైబర్ కరెంటు స్తంభాల మీద వేలాడతది, 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు స్తంభాలే కూలాయి ఇక్కడ, తీగల సంగతి చెప్పక్కర్లేదు. తడిసినప్పుడల్లా అక్కడక్కడ ప్యాకెట్లు, అంటే డేటా ముక్కలు, పోతాయి, కేబుల్ అబ్బాయికి ఫోన్ చేస్తే "టికే రుహ భాయి" అంటాడు, కాస్త ఆగన్నా అని, ఆ టికేకి లెక్క లేదు.

ఆర్‌డీపీ అంటే ఆ ముంబై బొమ్మని నా దగ్గరికి మోసుకొచ్చే పద్ధతి. టీసీపీ, యూడీపీ అని డేటా పంపడానికి రెండు దారులు, అది టీసీపీ మీద నడుస్తుంటే ఒక్క ప్యాకెట్ పోయినా అది మళ్లీ వచ్చేదాకా వెనకున్నవన్నీ ఆగుతాయి. యూడీపీ అయితే పోయినదాని కోసం అలా అన్నిటినీ ఆపి కూచోదు. మీది ఏదో తెలుసుకోవాలంటే రిమోట్ డెస్క్‌టాప్ పైన నీలం పట్టీలో సిగ్నల్ గీతల గుర్తు ఉంటది, అది నొక్కితే యూడీపీ ఆన్‌లో ఉందని రాసుండాలి. నా దాంట్లో లేదు. ఇది వాడే 3389 పోర్టు, అంటే డేటా వెళ్లే గుమ్మం, టీసీపీకి తెరిచి యూడీపీకి మూసేశారు ఆఫీసులో. ఈసారి టికెట్‌లో స్క్రీన్‌షాట్‌తో పాటు ఫ్రేముల లెక్క, చెల్లి గీతల పేజీ ఫోటో కూడా పెట్టా. కొత్తగా చేరిన ఒకమ్మాయి చూసింది, "గీతలెవరు గీశారండీ" అని నవ్వి, రెండ్రోజుల్లో తెరిపించింది. వాన రోజు గీతలు 19.

ఇంకో చిన్నది, ఎర్ర అక్షరాలు నీలం గడిలో ఉంటే అలుక్కుపోయినట్టు కనపడేవి, కళ్లజోడు మార్చాలేమో అనుకున్నా. వీడియోలా కుదించేటప్పుడు రంగుల వివరం పావు వంతుకి తగ్గించేస్తారు, సినిమాకి తెలీదు గానీ అక్షరాలకి తెలుస్తది. రంగులు తగ్గించకుండా పంపే 4:4:4 అనే సెట్టింగ్ పెడితే పోయింది. డాక్టరు ఫీజు మిగిలింది.

ఇదంతా విని పాతపట్నంలో ఉండే మా బావ, మీ ఒడిశా నెట్ అంతేరా, మా ఆంధ్రా వైపు వచ్చి కొట్టు, 30 ఫ్రేములు దాటితే చూడు అంటున్నాడు. ఆదివారం లాప్‌టాపూ ఆవకాయ జాడీ పట్టుకుని వెళ్తున్నా. పందెం కేజీ చేపలు. గీతలకి చెల్లి రేటు పెంచింది, బస్సు చార్జీ కూడా అడుగుతోంది.